తాంబేలక్క ఆకుకూరల మడి

మందర పర్వతం మునిగిపోతుంటే పాలసముద్రం అడుగుకు దిగి, దాన్ని వీపున నిలబెట్టి, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోని స్వామికి ముందుగా నా నమస్కారం. తాడు లాగినవాళ్ళను అందరూ చూశారు. అమృతం తాగినవాళ్ళను అందరూ చూశారు. అడుగున ఉన్నవాడు మాత్రం నీళ్ళలో, చీకట్లో, మాట లేకుండా ఉండిపోయాడు. అటువంటి ఓర్పును తన దగ్గరే దాచుకోక, ఈ లోకంలో అక్కడొకరికి ఇక్కడొకరికి పంచి ఇస్తున్న ఆయన దయకు జయం. ఆ పంపకంలో పెద్ద భాగం దక్కించుకున్న ఒక మనిషి గోడకు అవతల ఉండగా, ఇవతల నేను కాపురం చేశాను. అది నా భాగ్యం.

మొన్న వాన వెలిసిన మరునాడు మా పెరట్లో గచ్చు పగుళ్ళలో గంగపాయల కూర మొలిచింది. ఎర్ర కాడలు, దళసరి చిట్టి ఆకులు, ఎండ తగిలితేనే విచ్చుకునే పసుపు పూలు. పని చేసే అమ్మాయి చీపురుకట్టతో గీకేయబోయింది. నేను అరుగు మీద నుంచి, "ఉండమ్మా, పీకద్దు. ఆయన ఇంకా తినలేదు" అన్నాను.

ఆ పిల్ల చీపురు పట్టుకొని అట్లాగే నిలబడింది. "ఎవురవ్వా తినల్యా?"

ఆ మాట నాది కాదు. ఎన్నో ఏళ్ళ కింద హిందూపురంలో మా పక్కింటి పెరట్లో రోజూ వినిపించిన మాట. మాట ఆడిన మనిషి పోయి చాలా కాలమైంది. మాట మాత్రం నా నోట్లో ఉండిపోయింది.

మా వీధిలో అందరూ ఆమెను తాంబేలక్క అనేవాళ్ళు. సొంత పేరు ఉండేది. కానీ ఆమె తన భర్త పేరు ఎన్నడూ పలికి ఎరగదు, ఎవరైనా అడిగితే "మీ బావ" అని నవ్వి ఊరుకునేది. అంత మర్యాద పాటించిన మనిషి పేరు నేను మాత్రం ఎందుకు బయట పెట్టాలి? తాంబేలక్క అనే రాస్తాను.

నేను గుడిబండ నుంచి కొత్త కోడలిగా ఆ వీధికి వచ్చాను. మా నాయన గుడిలో పురాణం చదివేవాడు. నాకు కూడా భాగవతం చదవడం, అర్థం చెప్పడం నేర్పి పంపాడు. వచ్చిన వారంలోనే ఒక పొద్దున మా అత్త, "పక్కింటి ఆయమ్మను అడిగి రెండు పిడికిళ్ళు ఆకు తీసుకొని రాపో, పప్పులో వేస్తాం" అంది. వెళ్ళాను. పెరట్లో ఒకామె ముక్కాలి పీట మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. ఆమె జీవనం అదే. మండీల నుంచి బుట్టలతో చింతపండు వస్తే గింజ తీసి ఇచ్చేది. వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉండేవి.

"ఆకు ఇస్తా, కూర్చో. మా ఇంటి పెద్దమనిషి ఇంకా తినలా" అంది.

ఇంట్లో మగవాళ్ళు ఉన్నారనుకొని నేను గబగబా కొంగు తల మీదికి లాక్కొని గోడ వారకు జరిగాను. ఆమె చూసి పడీ పడీ నవ్వింది. "యాడ చూస్తాండావు మ్మే? ఈడ, కింద చూడు. కొంగు తీసెయ్, ఆయన ఏమీ అనుకోడులే."

కింద మోకాలెత్తు నిలువు బండలతో కట్టిన ఆవరణ ఉంది. నాలుగు మంచాలు పట్టే చోటు. అందులో ఒక మూల ఎండలో, వీపంతా చుక్కలు పొడిచినట్లున్న మెట్ట తాబేలు, మావాళ్ళ మాటలో తాంబేలు. నల్లటి చిప్ప మీద పసుపు గీతలు, ప్రతి గడిలో ఒక ముగ్గు. తల బయటపెట్టి మా ఇద్దరినీ తూకం వేసినట్లు చూసి, నెమ్మదిగా కదిలి ఒక గంగపాయల కొమ్మను కొరికింది. ఆ నమలడం చూసి తాంబేలక్క లేచి, "ఇంక కోసుకో" అంది.

ఆమె పద్ధతి ఏమిటంటే, ఆ ఆవరణలో పెరిగిన ఏ ఆకైనా ముందు తాబేలు తినాలి. ఆ తరువాతే కోత. తాబేలు మేత ముట్టేదాకా ఆమె నోట్లో మెతుకు పెట్టదు. మా కాలంలో మొగుడు తిన్న తరువాతే పెళ్ళాం తినేది. ఆమె అదే ఆచారాన్ని ఏమీ మార్చకుండా తాబేలుకు పాటించేది. మార్గశిరంలో మబ్బు పట్టి ఎండ రాకపోతే తాబేలు చిప్పలోంచి తల బయటపెట్టదు. ఆ దినాల్లో ఈమెకు మధ్యాహ్నం దాటినా అన్నం లేదు. మా అత్త గోడ మీదుగా తొంగి చూసి, "ఏమే, నీ మొగుడు ఇంకా లేవలేదా?" అని దెప్పేది. "లేయలా అత్తా, పొద్దన్నే యాడికి పోవల్ల ఆయన, నేసేకి మగ్గం గుంతలోకా?" అని ఈమె లోపలి నుంచి జవాబిచ్చేది. మా అత్తకే నవ్వు వచ్చేది.

తాబేలు ఉన్న చోట ఆకుకూర పెంచడం అంత సులభమేమీ కాదు. విత్తనం మొలకెత్తగానే అది తినేస్తుంది, తిననిది తొక్కేస్తుంది. అందుకని తాంబేలక్క ఆ చోటును మళ్ళు మళ్ళుగా విడగొట్టి, ప్రతి మడి మీదా కన్నాలు పడిన పాత గంపో, తట్టో బోర్లించేది. గంప కింద మొలక పెరుగుతుంది. కాస్త ముదిరినాక గంప ఎత్తుతుంది. తాబేలు అక్కడ మేస్తుంటే, మేసిపోయిన మడిలో మళ్ళీ చల్లి ఆ గంపను అక్కడ బోర్లిస్తుంది. ఇట్లా గంపలు వరుసగా తిరుగుతూనే ఉంటాయి. వంతు రాని గంపను దేవుడు అడిగినా ఎత్తేది కాదు. గంగపాయల, గలిజేరు, తోటకూర, ఉలవ మొలకలు, అంచుల వెంట గరిక. దక్షిణం వైపు ఒక బ్రహ్మజెముడు. గోడ అవతల మా మందారం చెట్టు నుంచి రాలిన పూలు కూడా తాబేలువే. బియ్యం కడిగిన నీళ్ళు మళ్ళకు పోయేవి. తాగే నీళ్ళకు మట్టిలో పాతిపెట్టిన మూకుడు.

నేను మధ్యాహ్నాలు మా అరుగు మీద భాగవతం చదివేదాన్ని. వీధిలోని ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. తాంబేలక్క మా వరుసలో కూర్చోదు. గోడ అవతల తన పీట మీదే కూర్చొని, చింతపండు ఒలుస్తూ వింటుంది. సముద్రం చిలికే ఘట్టం చదువుతున్న దినం, దేవతలు ఒక వైపు రాక్షసులు ఒక వైపు పాము తాడును లాగుతున్నారని అర్థం చెబుతుంటే గోడ అవతల నుంచి ప్రశ్న వచ్చింది.

"అది సరే గానీ మ్మే, మందరం మోసినన్ని దినాలు సామికి మేత ఎవురు పెట్టిరి?"

ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. నేను గ్రంథంలో వెతికాను. నాకు తెలిసినంతలో ఆ సంగతి ఎక్కడా లేదు. "రాయలేదక్కా" అన్నాను.

"రాయరు. తాడు లాగేవాళ్ళను చూసేకే పొద్దు చాల్లేదు వాళ్ళకు" అని మళ్ళీ చింతపండులో పడింది.

నేను ఆ తరువాత ఎందరో పెద్దల ప్రవచనాలు విన్నాను. ఆ ఒక్క ప్రశ్న వేసినవాళ్ళను వినలేదు.

ఆమె కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. అత్తవారిల్లు ధర్మవరం. భర్త పట్టుచీరలు నేసేవాడు. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ పెనుకొండ వెళ్ళి, కొండ కింద రాళ్ళ మధ్య ఈ తాబేలును చూశారట. ఆయన దాన్ని తువ్వాలులో మూట గట్టుకొని రైల్లో తెచ్చాడు. "చీర అంచుకు ఎంత బాగుంటుందో చూడు ఈ చుక్కల గడి" అని దాని వీపు చూసి అంచు కట్టాలని ప్రయత్నించాడు, అది కుదరలేదు. ఆయనకు భజన పిచ్చి. పిల్లలు లేరు. ఒక ఏడాది భజన గుంపుతో పండరికి బయలుదేరుతూ గడప మీద నిలబడి, "నేనొచ్చేదాంక దీనికి మేత తప్పించద్దు" అని చెప్పి పోయాడు. గుంపు తిరిగి వచ్చింది. ఆయన రాలేదు. నది దగ్గర జనంలో విడిపోయాడని ఒకరు, సాధువుల వెంట పోయాడని ఒకరు. కొన్నాళ్ళు చూసి, ఆమె తాబేలును బుట్టలో పెట్టుకొని హిందూపురంలో పుట్టింటికి వచ్చేసింది. ఆమె తండ్రి ఉన్నంత కాలం ఉన్నాడు. తరువాత ఇల్లు, తాబేలు, ఆమె.

అందుకే ఆమె అరుగు మీదికి వచ్చేది కాదు. మెడలో తాళి ఉంది, నుదుట బొట్టు ఉంది, కానీ పేరంటానికి పిలవాలంటే ఆడవాళ్ళకు అనుమానం. ముత్తైదువో కాదో తెలియని మనిషి చేతికి పసుపు కుంకుమ ఎట్లా ఇస్తారు? పిలవకపోతే ఈమె బాధపడుతుందేమోనని వాళ్ళు ఇబ్బంది పడకుండా, పిలుస్తారేమోనన్న ఆశ తన ముఖంలో కనబడకుండా ఆమే గోడ అవతల ఉండిపోయేది. వీధిలోకి కాషాయం గుడ్డ కట్టి ఎవరు వచ్చినా జనం గుసగుసలాడుతూ ఆమె ఇంటికి పంపేవాళ్ళు. ఆమె భిక్ష పెట్టేది. ముఖం చూసేది కాదు. ఒకసారి ఒక గడ్డం సాధువు గంగపాయల పప్పుతో సంగటి రెండు ముద్దలు తిని, మూడోది అడిగి మరీ తిన్నాడు. మా అత్త ఆత్రంగా గోడ దగ్గరికి వచ్చి, "ఏమే, ఆయనేనా?" అంది.

"కాదు లే అత్తా. మీ అల్లుడైతే గంగపాయల కూర వాసన చూస్తేనే లేచి పోతాడు. దాన్ని తినేది నేనూ, తాంబేలే."

ఇట్లా ఏళ్ళు గడిచినాక ఒక శ్రావణం వచ్చింది.

మా వీధి చివర భజన మందిరం ఉండేది. దానికి పెద్ద ఒక బెల్లం మండీ గుమస్తా. ఇంత పెద్ద కంచు తాళాలు పట్టుకొని ముందు నడిచేవాడు గనుక అందరూ తాళాలాయన అనేవాళ్ళు. భక్తి పొంగిపోయే మనిషి, మంచివాడు. ఆయన ఒక దినం ఆకుకూర కోసం వచ్చి తాబేలును చూశాడు. దాని వీపు మీద చుక్కలు చూశాడు. చూస్తూ చూస్తూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. "అమ్మా, కూర్మనాథస్వామి నీ దొడ్లో ఉంటే మేము యాడో ఎతుకుతాండాము కదమ్మా!" అన్నాడు.

శ్రావణ శనివారాలు మొదలయ్యాయి. మొదటి శనివారం భజన గుంపు అంతా తాంబేలక్క పెరట్లోకి వచ్చింది. బండల చుట్టూ కూర్చొని పాడారు. తాబేలును పీట మీద పెట్టి పాలతో, పెరుగుతో, తేనెతో అభిషేకం చేశారు. వీపుకు పసుపు, గంధం, కుంకుమ. అరటిపండు, బెల్లం పొంగలి నైవేద్యం. ఆ తాళాల మోతలో తాబేలు చిప్పలోకి ముడుచుకుంటే, "స్వామి యోగనిద్రలో ఉన్నాడు" అని మురిసిపోయారు. కొందరు మళ్ళలో గంపలు పక్కకు నెట్టి కూర్చున్నారు. దూరపు మూల ఒక్క గంపను మాత్రం ఎవరూ తాకలేదు.

నేనూ పాడాను. తాంబేలక్క కుంకుమ పెట్టడానికి మాత్రం చిన్నగా అడ్డు చెప్పింది. "దేవుడే ముగ్గేసి పంపినాడు కదప్పా, మనం మళ్ళా బొట్టేసేది యాడ?" అంది. ఆ మాట పాటల్లో కలిసిపోయింది.

ఆమె గట్టిగా ఎందుకు ఆపలేదో నాకు తెలుసు. భజన అయ్యాక ఆడవాళ్ళు వరుసగా ఆమెకు బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చారు. స్వామి వెలసిన ఇంటి ఇల్లాలు ముత్తైదువ కాకుండా ఎట్లా ఉంటుంది? తరువాతి శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి మూడిళ్ళ వాళ్ళు పిలిచారు. ఆ సాయంత్రం ఆమె పసుపు రాసుకున్న పాదాలతో మా అరుగు మీదికి వచ్చి, మొదటిసారి నా పక్కన కూర్చుంది. కాళ్ళు చాపుకొని, వేళ్ళకున్న పసుపు వైపు చూసుకుంటూ కూర్చుంది.

మూడో శనివారం దాటినాక వాన ముసురు పట్టింది. పాలు ఇంకిన మట్టి పులిసి వాసన కొట్టింది. ఈగలు ముసిరాయి. మొలకలు కుళ్ళాయి. తాబేలు కళ్ళు పసుపు కట్టి మూసుకుపోయాయి, ముక్కు కారింది. మేత ముట్టలేదు. ఒక దినం, రెండు దినాలు, మూడు. తాంబేలక్క కూడా ముట్టలేదు. గోరువెచ్చని నీళ్ళలో దాన్ని కూర్చోబెట్టి, తడిగుడ్డతో కళ్ళు తుడిచేది. నేను గోడ మీదుగా మజ్జిగ ఇవ్వబోతే చేత్తోనే వద్దంది.

నాలుగో శనివారం గుంపు వచ్చేసరికి వీధి తలుపు గడియ పెట్టి ఉంది.

"ఏమ్మా, తలుపు తియ్యి. సామికి అభిషేకం యాళైంది" అన్నాడు తాళాలాయన.

"సామికి జలుబు చేసింది. పోండప్పా ఈ పొద్దుకు" అంది లోపలి నుంచి.

ఎవరో నవ్వారు. "సామికి జలుబేందమ్మా!"

"ముక్కు కారతాండాది. మీరు పోసిన పాలకు మన్ను పులిసిపోయింది. కండ్లల్లో అంతా పసుపు. ఇంక ఈ ఇంట్లో అభిషేకం లేదు."

"దేవుణ్ణి లోపల పెట్టుకొని భక్తులకు తలుపేస్తావా? పాపం కదా తల్లీ!"

"ఆ పాపం నాకే రానీలే. నేను ఆయనకు చెప్పుకుంటా."

అప్పుడు గుంపులో ఒకామె గొంతు పెంచింది. "మొన్నటిదాంక పేరంటానికి పిలిచే దిక్కు లేదు. సామి పుణ్యాన పిలిస్తిమి. అప్పుడే కండ్లు నెత్తికెక్కినాయి చూడు."

గోడకు ఇవతల నిలబడిన నాకు కనిపించింది. తలుపుకు వీపు ఆనించి, కొంగు నోట్లో కుక్కుకొని, తాబేలును ఒడిలో పెట్టుకొని కూర్చుంది. ఆ తలుపు వేయడంతో ఆమె ఏం పోగొట్టుకుంటోందో ఆ వీధిలో నాకు తెలుసు, ఆమెకు తెలుసు.

మరునాడు ధర్మవరం నుంచి ఆమె మరిది వచ్చాడు. ఆయనా నేతగాడే, నెమ్మదస్తుడు. కనపడకుండా పోయిన మనిషి కోసం పన్నెండేళ్ళు చూడాలని, ఆ పైన దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి కర్మ జరిపించాలని పెద్దలు చెబుతారు. ఆ గడువు నిండింది. వాళ్ళ తల్లి మంచాన పడి, "నా పెద్దకొడుక్కి పిండం పెట్టకుండా నన్ను పంపుతారా?" అని ఏడుస్తోందట. ఒక్కడే వదిన ఇంటి గడప దాటడానికి మనసు రాక, ఆయన తాళాలాయనను వెంటబెట్టుకొని వచ్చాడు. చంకలో గుడ్డ సంచి. అందులో బొట్టు తీసినాక కట్టబెట్టే తెల్ల చీర ఉందని అందరికీ తెలిసిపోయింది.

నేను పెరటి దారిన వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. మరిది తల వంచుకొనే మాట్లాడాడు.

"వదినా, నేను చెప్పేది ఏముండాది. గడువు అయిపోయింది. అమ్మ బాధ చూడలేక వచ్చినా."

"మీ అన్న నాకొక పని చెప్పిపోయినాడు. ఆ పని ఇంకా అయిపోలేదప్పా."

"తాంబేలు సంగతా? వదినా, అది మేత మాని ఎన్ని దినాలైందో వీధంతా చెప్తాండారు. నువ్వూ మానినావంట."

ఆమె తాబేలు వైపు చూసింది. "అది పోతే ఆయన చెప్పిన పని అయిపోయినట్లే. అప్పుడు నువ్వు తెచ్చిన చీర కట్టుకుంటా. ఎదురు మాట ఆడను. అది ఊపిరితో ఉన్నంత కాలం నన్ను అడగద్దు."

మరిది సాయం కోసం తాళాలాయన వైపు తిరిగాడు. "పెద్దాయనా, మీరన్నా చెప్పండి."

తాళాలాయన అక్కడ లేడు. బండలు దాటి ఆవరణలోకి దిగి, మోకాళ్ళ మీద కూర్చొని తాబేలు ముఖం చూస్తున్నాడు. మూసుకుపోయిన కళ్ళ చుట్టూ గట్టిపడిన పసుపును చూశాడు. పిడికెడు మట్టి తీసి వాసన చూశాడు.

"ఇది మా చేతుల పని" అన్నాడు. "ఉన్న కొండ చాలదని ఇంకో కొండ పెట్టినాము సామి మీద. అమ్మా, పార యాడుండాది?"

"పెద్దాయనా, నేను పిలిచింది ఎందుకు, మీరు చేస్తాండేది ఏంది?" అన్నాడు మరిది.

"నీ పని తర్వాతప్పా. ముందు ఈ మన్ను తీయల్ల."

పంచె ఎగగట్టి తవ్వాడు. కబురు పోయి భజన గుంపు అంతా వచ్చింది. ఈసారి తాళాలు లేవు, పాట లేదు. మగవాళ్ళు పులిసిన మట్టి గంపలకెత్తి వీధి బయట పోశారు. పెన్న ఇసుక బండి తోలించారు. నిన్న గొంతు పెంచిన ఆమే ఊరి బయట గట్ల మీద నుంచి కొంగునిండా గరిక, గలిజేరు కోసుకొచ్చి అక్క ముందు పోసింది. తాబేలు దేన్నీ ముట్టలేదు. మరిది ఎండలో సంచి పట్టుకొని నిలబడ్డాడు. అన్ని దినాల ముసురు తరువాత ఆ పొద్దే ఎండ కాసింది.

అంతా తవ్వేశాక దూరపు మూల ఒక గంప మాత్రం బోర్లించి ఉంది. తాళాలాయన దాన్ని తీయబోయాడు.

"ఆగప్పా" అంది తాంబేలక్క. నీరసంతో గొంతు పీలగా ఉంది. "దాని వంతు ఇంకా రాలేదు." ఒక్క క్షణం ఆలోచించింది. "వచ్చిందేమో. నేనే ఎత్తుతా."

గంప ఎత్తింది. కింద పాల చుక్క పడని మట్టిలో గంగపాయల కూర దట్టంగా పాకి ఉంది. గంప కన్నాల్లోంచి పడిన వెలుతురుతోనే అంత పెరిగింది. ఎండ తగిలి, మేము చూస్తుండగానే ఒకటొకటిగా పసుపు పూలు విచ్చుకున్నాయి. ఆమె తాబేలును తెచ్చి ఆ అంచున దించింది.

అందరం నిలబడ్డాం. తల బయటికి వచ్చింది. ఒక కన్ను సగం తెరుచుకుంది. మెడ సాగింది. వాసన చూసి మళ్ళీ లోపలికి పోయింది. ఎవరో నిట్టూర్చారు. నా పెదవులు స్వామి నామం తప్ప ఇంకేమీ పలకలేదు. మళ్ళీ మెడ సాగింది. నోరు తెరిచి, ఒక పసుపు పువ్వును తుంచుకొని నమిలింది.

తాంబేలక్క ఎవరి వైపూ చూడలేదు. లేచి ఇంట్లోకి పోయి, నేను పొద్దున తెచ్చిపెట్టిన సంగటి గిన్నె పట్టుకొని వచ్చి, ఆవరణ బండ మీద కూర్చొని, అందరి ఎదుటా గబగబా తిన్నది. తింటూ ఏడ్చింది. అప్పుడు మరిది సంచిని మడిచి చంకలోకి పైకి లాక్కున్నాడు.

"వదినా, నాకూ ఒక ముద్ద పెట్టు. నిన్నటి నుంచి నేనూ తినలేదు."

తిని చేయి కడుక్కుంటూ, "అమ్మకు ఏమని చెప్పేది?" అన్నాడు.

"తాంబేలు మేసిందని చెప్పు" అంది.

ఆయన తల్లి అది విని ఏమందో మాకు తెలియదు. కానీ మరుసటి శ్రావణానికి మరిది మళ్ళీ వచ్చాడు, అదే గుడ్డ సంచితో. అందులో తను నేసిన ఎర్ర అంచు పట్టుచీర ఉంది. అంచులో చుక్కల గడి. అన్నకు కుదరని అంచు తమ్ముడికి కుదిరింది. తాంబేలక్క దాన్ని ఒక్కసారి విప్పి చూసి, మడిచి పెట్టెలో పెట్టేసింది. "మీ బావ వచ్చినాక కట్టుకుంటా" అంది నాతో. పేరంటాలకు ఆమెను పిలవడం మాత్రం మా వీధి మళ్ళీ మానలేదు. శనివారాలు భజన గుంపు వస్తే చేతిలో పాలచెంబు బదులు గరిక కట్ట ఉండేది.

ఆ తరువాత కొన్నేళ్ళకు ఒక కార్తీకంలో ఆమెకు జ్వరం వచ్చింది. తగ్గలేదు. మంచం పెరటి గుమ్మంలో వేయించుకొని, గంపల వంతు నాకు చెబుతూ ఉండేది. ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచింది.

"నేను పోయినాక దీన్ని పెనుకొండకు తీసుకొని పోయి వదిలిపెట్టండి మ్మే. యాడ దొరికిందో ఆడనే. మీ బావ వస్తే కొండ కింద ఉండాదని చెప్పు. మేత తప్పించలేదని చెప్పు."

"చెప్తానక్కా" అన్నాను.

ఆమె పోయిన దినం మరిది వచ్చి పెట్టె తెరిచి ఆ చీర తీశాడు. ఆ చీరతో, నుదుట ఇంత కుంకుమతో ఆమెను అలంకరించారు. ముత్తైదువగా పోయిన మనిషి చేతి కుంకుమ దొరికితే భాగ్యమని మావాళ్ళ నమ్మకం. ఒకప్పుడు గడప దగ్గర అనుమానంతో ఆగిపోయిన ఆడవాళ్ళందరూ ఆ కుంకుమ కోసం వీధి చివరిదాకా వరుసలో నిలబడ్డారు. తాళాలాయన పాడలేకపోయాడు. గోడ అవతల నుంచి ఇంక ఏ ప్రశ్నా రాదు గదా అని నాకు అప్పుడు తెలిసింది.

కర్మలన్నీ అయినాక మరిది, నేను, మావారు తాబేలును బుట్టలో పెట్టుకొని పాసింజర్ రైల్లో పెనుకొండ వెళ్ళాం. కొండ కింద రాళ్ళ మధ్య, గరిక ఉన్న చోట దించాం. అది చిప్పలోకి ముడుచుకొని రాయిలాగా ఉండిపోయింది. ఎండ ఎక్కింది. నేను సద్దిమూట విప్పబోతే మరిది చేయి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. ఆయన ఇంకా తినలేదు."

ముగ్గురమూ రాళ్ళ మీద కూర్చున్నాం. చాలాసేపటికి తల బయటికి వచ్చింది. చుట్టూ చూసింది. రెండడుగులు వేసి గరిక కొస కొరికింది. అప్పుడు మరిది తనే మూట విప్పి, మాకు పెట్టి, తను తిన్నాడు. మేము లేచి వచ్చేటప్పుడు అది వెనక్కి చూడలేదు, మేస్తూ ఉంది.

ఇది చదివే తల్లులారా, అయ్యలారా, ఈ పూట విస్తరి ముందు కూర్చున్నప్పుడు మొదటి ముద్ద ఎత్తక మునుపు నాతో కలిసి చేతులు జోడించండి. స్వామీ, అడుగున ఉండి మోసేవాళ్ళు తిన్నారో లేదో ముందు నువ్వు చూడు. అడగాలన్న తలపు మాకూ ఇవ్వు. చెప్పిన మాట కోసం ఏళ్ళకేళ్ళు కాచుకున్న ఆ తల్లిని నీ పాదాల దగ్గర కూర్చోబెట్టుకో. ఆమె ఎదురుచూసిన మనిషి ఎక్కడ ఉన్నా, ఆమె మేత తప్పించలేదన్న కబురు ఆయనకు చేరవెయ్యి. అని అడుగుదాం, రండి. అడిగినాకే తిందాం.